పాజిటివ్ అంటే మంచిదే కదేటి?

పోయిన దీపావళికి ముందు వారం, ఒకే సాయంత్రం మా వరండాలోకి రెండు బయాప్సీ రిపోర్టులు వచ్చాయి. మాది పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. మేముండేది ఒడిశా. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరు ఒడియాలో చెబుతారు, ఇంటికొచ్చి ఏడ్చేది తెలుగులో. ఈ మూడింటి మధ్య ఎక్కడో సగం విషయం జారిపోతుంది. నేను డాక్టర్ని కాను. జువాలజీ చదివి ప్లస్ టూ పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. అయినా మా వీధిలో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ఒకసారి నా టేబుల్ మీద పడాల్సిందే.

మొదటిది మూడిళ్ల అవతల ఉండే అత్తది. వరసకి అత్త. గర్భాశయ ముఖద్వారం (సర్విక్స్) దగ్గర తీసిన ముక్క. పైన కేన్సర్ అని రాసి, కింద 'పి16 పాజిటివ్, పి53 వైల్డ్ టైప్' అని ఉంది. రెండోది ఎదురింటి మామ్మది. నలభై ఏళ్లుగా అడ్డపొగ తాగుతోందావిడ. అంగిలి మీద మానని పుండు, అక్కడి ముక్క. దాని కింద 'పి53 ఓవర్ ఎక్స్‌ప్రెషన్, పి16 నెగెటివ్'.

అత్త కొడుకు అప్పటికే ఫోన్‌లో వెతికి వచ్చాడు. "పి16 అంటే కేన్సర్‌ని ఆపే ప్రోటీన్ అంట బావా" అన్నాడు. అత్త అందుకుంది: "పాజిటివ్ అంటే మంచిదే కదేటి బాబూ?" మామ్మ మనవడిదీ అదే దారి. పి53ని జన్యువులకి కాపలాదారు అంటారు కదా, మామ్మకి అది బోలెడుందంట, మరి కేన్సర్ ఎలా వచ్చింది?

వాళ్లు చదివింది తప్పు కాదు. పి16 నిజంగానే ఆపే ప్రోటీన్, పి53 నిజంగానే కాపలా ప్రోటీన్. చిక్కంతా 'ఎక్కువ' అన్న మాటతోనే.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. తీసిన ముక్కని మైనంలో గట్టిపరిచి, వెంట్రుక కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరుస్తారు. దాని మీద ఒక ప్రోటీన్‌కి మాత్రమే అతుక్కునే యాంటీబాడీని పోస్తారు. అది అతుక్కున్న చోట గోధుమరంగు తేలేలా రసాయనం కలుపుతారు. మైక్రోస్కోపులో చూస్తే కొన్ని కణాలు కాఫీ మరకల్లా కనిపిస్తాయి, కొన్ని నీలంగా ఉండిపోతాయి. పాజిటివ్ అంటే రంగు కనిపించిందని. అంతే. ఆ ప్రోటీన్ ఉందని చెబుతుంది గాని, పని చేస్తోందని చెప్పదు.

ఇక అత్త రిపోర్టు. ఒక కణం రెండవ్వాలంటే ముందు తన డీఎన్ఏ మొత్తానికి కాపీ తీసుకోవాలి. ఆ పనికి కావలసిన జన్యువుల్ని నిద్రలేపేది ఈ2ఎఫ్ అనే ప్రోటీన్. మామూలప్పుడు ఆర్‌బి అనే ఇంకో ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. పెరగమని బయటి నుంచి కబురు వచ్చినప్పుడు సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములు ఆర్‌బికి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అప్పుడది పట్టు వదులుతుంది, ఈ2ఎఫ్ బయటపడుతుంది, కాపీ మొదలవుతుంది. సీడీకేలు అతి చేయకుండా వాటిని ఆపే పని పి16ది.

నౌపడా–గుణుపూర్ లైను మీద గేటు పడి నిలబడని వాళ్లు మా ఊళ్లో ఉండరు కాబట్టి అలాగే చెప్పాను. ఆర్‌బి గేటు. సీడీకే దాన్ని ఎత్తే చెయ్యి. 'ఇప్పుడు కాదు, ఆగు' అని ఆ చేతిని పట్టుకునే మనిషి పి16. అత్త కణాల్లో జరిగిందేమిటంటే, ఎవరో వచ్చి గేటు కర్రనే విరిచి పారేశారు. ఇక ఎత్తే చెయ్యితో పనేముంది? బళ్లు పోతూనే ఉంటాయి. ఆపే మనుషులు మాత్రం ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు, ఎత్తడానికి ఏమీ లేని చేతిని పట్టుకుని వేలాడుతున్నారు. మైక్రోస్కోపులో కనిపించిన గోధుమరంగు ఆ మనుషుల గుంపు.

గేటు విరిచింది హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) చేసే ఈ7 అనే ప్రోటీన్. ఈ వైరస్‌లో 16వ రకమైన హెచ్‌పీవీ16లో దాని పొడవు 98 అమైనో ఆమ్లాలు. ఆర్‌బిలో ఉండేవి 928. అంత చిన్నది ఇంత పెద్దదాని గుంటలో ఇరుక్కుని, ఈ2ఎఫ్‌ని విడిపించి, పైగా ఆర్‌బిని కణంలోని చెత్త యంత్రానికి అప్పగిస్తుంది. పి16 పెరగడం వెనక కూడా ఈ7 చెయ్యి ఉంది. పి16 జన్యువు ఉన్న చోట డీఎన్ఏ చుట్టుకున్న హిస్టోన్లనే ప్రోటీన్ల మీద 'నోరు మూసుకో' అనే రసాయన గుర్తులుంటాయి. వాటిని చెరిపే ఎంజైమును ఈ7 పెంచుతుంది. అంటే ఈ వైరస్ ప్రోటీన్ ఒక ప్రోటీన్‌ని చంపడంతో ఆగదు, ఏ జన్యువు మాట్లాడాలి, ఏది మూగగా ఉండాలి అన్న లెక్కనే మార్చేస్తుంది.

ఇక్కడ అత్త కొడుకు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "వైరస్‌కి దీనివల్ల లాభమేంటి బావా? మనిషి పోతే అదీ పోతుంది కదా."

నిజానికి కేన్సర్ వైరస్‌కి లాభం కాదు. దాని అవసరం వేరు. హెచ్‌పీవీ దగ్గర ఉన్నది దాదాపు 8,000 అక్షరాల డీఎన్ఏ. మన కణంలో క్రోమోజోముల ఒక్కో సెట్టుకి 300 కోట్ల అక్షరాలు. అంత చిన్న సరుకులో డీఎన్ఏని కాపీ చేసే సొంత పాలిమరేజ్ కూడా లేదు, కాపీ కోసం మన కణం సామానే వాడుకోవాలి. వైరస్ చిన్న చీలికల్లోంచి చర్మపు పొర అడుగు కణాల్లోకి దిగుతుంది. ఆ కణాలు పైకి జరుగుతూ పరిపక్వమవుతూ విభజన ఆపేస్తాయి. విభజన ఆగిన కణంలో కాపీ సామాను మూలన పడి ఉంటుంది. దాన్ని మళ్లీ బయటికి తీయించాలంటే గేటు విరగాలి. అందుకు ఈ7.

అయితే గేటు లేకుండా బళ్లు పోవడం మొదలవగానే ఇంకొకరికి అనుమానం వస్తుంది. ఆ ఇంకొకరే పి53. కణంలో వేళకాని వేళ కాపీ జరుగుతున్నా, డీఎన్ఏ తెగినా పి53 లేస్తుంది, విభజన ఆపే జన్యువుల్ని నడిపిస్తుంది, పరిస్థితి చెయ్యి దాటితే కణాన్ని తనంతట తను చచ్చిపోయేలా చేస్తుంది. కాబట్టి ఈ7 ఒక్కదాన్నే పెట్టుకుంటే వైరస్ ఉన్న ఇల్లే కూలిపోతుంది. దానికి తోడు ఈ6 కావాలి. ఇది ఆర్‌బిని పట్టించుకోదు. కణంలోనే ఉండే ఈ6ఏపీ అనే ఎంజైమును పట్టుకుని పి53 దగ్గరికి లాక్కొస్తుంది. ఆ ఎంజైము పి53 మీద యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ ముక్కలు అంటిస్తుంది. కణంలో యుబిక్విటిన్ గొలుసు పడిందంటే చెత్తబండి ఎక్కినట్టే. మన ఇంటి చెత్తబండిని మన ఇంటి బీరువా మీదికే తోలడం లాంటిదన్నమాట. ఇది చాలదన్నట్టు క్రోమోజోముల కొసలు అరిగిపోకుండా చూసే టెలొమెరేజ్ జన్యువుని కూడా ఈ6 లేపుతుంది. దాంతో కణానికి ఉండాల్సిన వయసు లెక్క తప్పుతుంది.

అత్త రిపోర్టులో 'పి53 వైల్డ్ టైప్' అని రాసింది ఇందుకే. వైల్డ్ అంటే అడవిది అని కాదు, పుట్టినప్పుడు ఉన్నట్టే ఉందని. జన్యువు చెక్కు చెదరలేదు, దానినుంచి ప్రోటీన్ తయారవుతూనే ఉంది, తయారైంది తయారైనట్టు పోతోంది.

పి53 కథలో శాస్త్రవేత్తలు కూడా మన వాళ్లలాగే పొరపడ్డారు. 1979లో దాన్ని కనిపెట్టింది ఎస్‌వీ40 అనే కోతి వైరస్ ప్రోటీన్‌కి అతుక్కుని ఉండగా. కేన్సర్ కణాల్లో ఎక్కడ చూసినా అది దండిగా కనిపించింది. దాంతో ఇదే కేన్సర్ తెచ్చే ప్రోటీన్ అనుకున్నారు, పదేళ్లు అలాగే నడిచింది. 1989లో తేలిందేమిటంటే, అప్పటిదాకా పరీక్షించిన పి53 జన్యువుల్లో చాలావరకు పాడైపోయినవి, అసలు పి53 కేన్సర్‌ని అడ్డుకునేది. ఆర్‌బిని ఈ7 పట్టుకుంటుందని ఆ ఏడాదే బయటపడింది, పి53ని ఈ6 చెత్తకి పంపుతుందని ఆ మరుసటి ఏడాది. హెచ్‌పీవీ16ని జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం సర్విక్స్ కేన్సర్‌లో పట్టుకున్నది మాత్రం 1983లోనే, 18ని ఆ తర్వాతి ఏడాది. ప్రపంచంలో సర్విక్స్ కేన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం ఈ రెండు రకాలే. ఆయనకి 2008లో నోబెల్ ఇచ్చారు.

వైరస్ వచ్చిన ప్రతివాళ్లకీ కేన్సర్ రాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని తరిమేస్తుంది. వైరస్ దగ్గర కూడా ఒక అదుపు ఉంది. దాని ఈ2 ప్రోటీన్ (ముందు చెప్పిన ఈ2ఎఫ్ వేరు) తన ఈ6, ఈ7 జన్యువుల మీదే కూర్చుని వాటిని తక్కువగా మాట్లాడనిస్తుంది. వైరస్ డీఎన్ఏ గుండ్రటి గాజులా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నడుస్తుంది. కొన్ని కణాల్లో, ఏళ్ల తరబడి వైరస్ ఉండిపోయాక, ఆ గాజు విరిగి మన క్రోమోజోములో అతుక్కుంటుంది. విరిగేది తరచు ఈ2 ఉన్న చోటే. ఇక ఈ6, ఈ7లకి చెప్పేవాళ్లు లేరు. ఆ కణంలోంచి కొత్త వైరస్‌లూ పుట్టవు. వైరస్‌కీ నష్టం, మనిషికీ నష్టం. ఇదంతా జరగడానికి మామూలుగా పది, పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది.

ఈ ఇరవై ఏళ్ల సంగతి నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. శారీరక సంబంధం ద్వారా వచ్చే వైరస్ అని తెలియగానే ఇంట్లో మొదలయ్యే మొదటి మాట 'ఎవరి వల్ల వచ్చింది' అని. ఆ సాయంత్రం కూడా మామయ్య తల వంచుకుని కూర్చున్నాడు, అత్త గోడకేసి చూస్తోంది. పెళ్లయిన వాళ్లలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే ఈ వైరస్. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. రిపోర్టులో లేని విషయాన్ని రిపోర్టు పేరుతో తవ్వుకోవద్దని చెప్పి, టీ పెట్టించాను.

జన్యువులు చెక్కు చెదరలేదని చెప్పాను కదా, అది ఊరికే అన్న మాట కాదు. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ సర్విక్స్ కేన్సర్ నుంచి తీసిన హీలా కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది హెచ్‌పీవీ18. ఆ కణాల్లోకి ఈ2ని మళ్లీ పంపితే ఈ6, ఈ7 మూగబోతాయి. పి53, ఆర్‌బి తిరిగి లేస్తాయి. దశాబ్దాలుగా ఆగని కణాలు పెరగడం మానేస్తాయి. అన్నాళ్లూ కాపలావాళ్లు చచ్చిపోలేదన్నమాట. పుట్టిన ప్రతిసారీ ఎవరో వాళ్లని బండి ఎక్కిస్తున్నారు. ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మనిషి ఒంట్లో అదే పని చేయించే మందు మాత్రం ఇంకా ఆసుపత్రి దాకా రాలేదు.

మామ్మది దీనికి సరిగ్గా తిరగబడ్డ కేసు. ఇక్కడ ప్రోటీన్లని ఎత్తుకెళ్లే వైరస్ లేదు. తయారీ పత్రాలే కాలిపోయాయి.

అడ్డపొగ అంటే తెలియని వాళ్ల కోసం: చుట్ట వెలిగించాక నిప్పు ఉన్న కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసి పీల్చడం. శ్రీకాకుళం వైపు, ఇటు మా గజపతి, గంజాం జిల్లాల్లో ముసలి ఆడవాళ్లలో ఈ అలవాటు ఇంకా కనిపిస్తుంది. నిప్పు ఆరదు, పొలం గాలికీ సముద్రపు గాలికీ భయం లేదు, పైగా చేతులు ఖాళీ. మామ్మ నారు తీస్తూ కూడా తాగేది. మామూలుగా అంగిలి గట్టి భాగం మీద కేన్సర్ అరుదు. అడ్డపొగ ఉన్న చోట మాత్రం అది ఎక్కువగా అక్కడే వస్తుంది, వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే కాబట్టి.

పొగలో ఉండే బెంజోపైరీన్ లాంటి పదార్థాలు ఒంట్లో మార్పు చెంది డీఎన్ఏలో 'జి' అక్షరాలకి అతుక్కుంటాయి. ఆ మచ్చ ఉన్న చోట కాపీ తప్పుతుంది. పి53 జన్యువులో ఏ చోట్లలో ఆ మచ్చ ఎక్కువగా పడుతుందో 1996లో పట్టుకున్నారు. ఊపిరితిత్తుల కేన్సర్లలో ఆ జన్యువు తరచు పాడయ్యే చోట్లు కూడా అవే. ఒక్క అక్షరం మారితే ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారుతుంది, పి53 డీఎన్ఏని పట్టుకోలేకపోతుంది.

మరి అలా పాడైన పి53 రిపోర్టులో అంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది? మంచి పి53 చేసే పనుల్లో ఒకటి ఎండీఎం2 అనే జన్యువుని నడపడం. ఆ ఎండీఎం2 వచ్చి పి53నే చెత్తకి పంపిస్తుంది. పని అయ్యాక తనని తీసుకుపోయే బండిని తనే పిలుచుకుంటుందన్నమాట. అందుకే ఆరోగ్యంగా ఉన్న కణంలో పి53 రంగు లీలగా, అక్కడక్కడా కనిపిస్తుంది. పాడైన పి53కి బండిని పిలిచే శక్తి లేదు. కదలకుండా పోగుపడుతుంది. మామ్మ ముక్కలో ముదురు గోధుమరంగు అదే. కొందరిలో జన్యువు ఇంకా దారుణంగా తెగి అసలు రంగే రాదు, అదీ పాడైనట్టే. లీలగా ఉండటం మంచిది, మరీ ఎక్కువైనా అసలు లేకపోయినా చెడ్డది.

పి16 నెగెటివ్‌కి అర్థం కూడా ఈ దారిలోదే. పొగాకు కేన్సర్లలో చాలాసార్లు ఆ జన్యువు ఉన్న ముక్కే ఊడిపోతుంది, లేదా దాని మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పేరుకుని మూగబోతుంది. గేటు అలాగే ఉంది, ఎత్తే చెయ్యిని ఆపే మనిషే లేడు. అత్త దగ్గర గేటు లేక మనుషులు గుమిగూడారు, మామ్మ దగ్గర మనిషి లేక గేటు ఎప్పుడూ ఎత్తే ఉంటోంది. ఇద్దరి కణాలూ ఆగకుండా పోవడం ఒకటే.

ఇదంతా ఆపే వాళ్ల గురించి. తోసేవాళ్లు కూడా ఉంటారు. రాస్ అనే ప్రోటీన్ ఒక స్విచ్, పెరగమని కబురు వస్తే వెలిగి, వెంటనే ఆరాలి. దాని 12వ అమైనో ఆమ్లం మారితే ఆరడం మానేస్తుంది. పొగాకు నమిలే మన దేశపు నోటి కేన్సర్లలో కూడా ఇది కొన్నిట్లో దొరికింది. 1911లో పేటన్ రౌస్ కోళ్లలో కేన్సర్ తెచ్చే వైరస్‌ని చూపిస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, నోబెల్ వచ్చేసరికి 1966 అయింది. ఆ వైరస్ మోసుకొచ్చే కేన్సర్ జన్యువు అసలు కోడిదేనని, వైరస్ ఎప్పుడో ఎత్తుకుపోయిందని 1976లో బిషప్, వార్మస్ బృందం తేల్చింది. హెచ్‌పీవీ అలా దొంగిలించలేదు. ఈ6, ఈ7 దాని సొంత సరుకే.

అత్త కొడుకు మళ్లీ ఫోన్ తీశాడు. పాల్బోసిక్లిబ్ అనే మాత్ర గురించి చదివాడట. సీడీకే4, సీడీకే6లని ఆపుతుంది, అమెరికాలో 2015 నుంచి రొమ్ము కేన్సర్‌కి వాడుతున్నారు. "చెయ్యిని ఆపే మాత్ర ఉంటే అమ్మకి రాయలేదేంటి? పెద్ద డాక్టరు రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు." రెండు నిమిషాల సంగతిలో అతని కోపం న్యాయమే. మాత్ర సంగతి మాత్రం అతని నోటితోనే చెప్పించాను. ఆ మాత్ర చేసేది ఎవరి పని? పి16 పని. అమ్మ కణాల్లో పి16 తక్కువుందా? ఒక్క క్షణం ఆగి, "గేటే లేదు కదా" అన్నాడు. ఆ మాత్ర పని చేయాలంటే ఆర్‌బి ఉండాలి. అత్తకి రాసింది రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. ముఖద్వారం దాటి పక్కలకి పాకిన దశలో మామూలుగా ఇచ్చేది అదే. మామ్మది సర్జరీ కేసు, కుటుంబం విశాఖ వెళ్లాలా బరంపురమా అని తేల్చుకుంటోంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అత్త ఆగింది. మనవరాలికి పదకొండేళ్లు. దానికి టీకా వేయిస్తారట, నేనూ వేయించుకుంటే తగ్గుతుందా అని అడిగింది. మన దేశంలో తయారైన హెచ్‌పీవీ టీకా సెర్వావాక్‌కి 2022లో అనుమతి వచ్చింది, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం మేలు. ఆ టీకాలో ఉండేది వైరస్ పైతొడుగు, ఎల్1 అనే ప్రోటీన్, లోపల డీఎన్ఏ లేకుండా. ఒళ్లు ఆ తొడుగుని గుర్తు పెట్టుకుని, రేపు అసలు వైరస్ వస్తే కణంలోకి దిగకముందే పట్టుకుంటుంది. అత్త కేన్సర్ కణాల్లో ఇప్పుడు తొడుగు లేదు. ఈ6, ఈ7 మాత్రమే ఉన్నాయి, అవీ కణం లోపల. "అయితే దానికి వేయించు, నాకొద్దులే" అని రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.